గీత గీతకూ మారే ఆకాశం: పాత వీడియో గేముల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒక్క విషయం మీదే ఉన్నాయి. పాత కన్సోల్ ఆటను మార్చుకునేటప్పుడు వెనక ఆకాశంలో రంగు పైనుంచి కిందికి మెల్లగా మారాలంటే ఏం చేయాలి? అందుకని క్యాసెట్ల రిపేరు ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు ఉంచి, ఈ గ్రేడియెంట్ సంగతే తీసుకుంటున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: పగలు నేను తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో ఫ్లెక్స్ బోర్డులు డిజైన్ చేస్తాను. ఒక రంగును ఇంకో రంగులోకి కలపడమే నా బతుకుతెరువు. రాత్రిళ్లు సూపర్ నింటెండో ఆటలు విప్పి చూస్తుంటాను. రెండు చోట్లా గ్రేడియెంట్ అనే అంటాం. కానీ ఫ్లెక్స్ మీద అది బొమ్మ, కన్సోల్‌లో అది టైమింగ్. కింది జవాబులన్నిటికీ మూలం ఈ తేడాయే.

జవాబుల్లో మెమరీ చిరునామాలన్నీ హెక్సాలో, అంటే 0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్ వరకు వాడే పదహారు అంకెల లెక్కలో ఇస్తున్నాను. రంగుల విలువలు మాత్రం మామూలు అంకెల్లో ఇస్తున్నాను. కలిపేసుకోకండి.

ప్రశ్న: సూపర్ మారియో వరల్డ్‌లో ఒక లెవెల్ మారుస్తున్నాను. సాయంత్రం ఆకాశం కావాలి. కంప్యూటర్లో గ్రేడియెంట్ గీసి బ్యాక్‌గ్రౌండ్‌గా పెడితే రంగులు చాలడం లేదు, బొమ్మ అంతా మచ్చలు మచ్చలుగా వస్తోంది. పాత ఆటలు చేసినవాళ్లు ఇది ఎలా సాధించారు?
— బీటెక్ విద్యార్థి, పుత్తూరు

వాళ్లు దాన్ని బొమ్మగా గీయలేదు. మీరు గీశారు కాబట్టే చాలలేదు. సూపర్ నింటెండోకు వచ్చిన ఆ ఆటలో బ్యాక్‌గ్రౌండ్ పొరలోని ఒక్కో చిన్న చదరపు ముక్కకు, అంటే టైల్‌కి దొరికేది 16 రంగుల పాలెట్. అందులో మొదటిది పారదర్శకం, మిగిలేవి 15. కొండలకు, మేఘాలకు, చెట్లకు అవే కావాలి. ఆకాశానికే పదిహేనూ ఇచ్చేస్తే మిగతా బొమ్మకు ఏం పెడతారు? 

టీవీ తెర మీద బొమ్మ ఒక్కసారిగా పడదు. పైనుంచి కిందికి ఒక్కో గీతగా పడుతుంది. అమెరికా, జపాన్ పద్ధతి టీవీల్లో ఒక పూర్తి బొమ్మకు, అంటే ఫ్రేమ్‌కి 262 గీతలు. వాటిలో సూపర్ నింటెండో ఆట మామూలుగా వాడుకునేది 224. సెకనుకు సుమారు 60 సార్లు ఇది జరుగుతుంది. ఒక గీత అయిపోయి తర్వాతి గీత మొదలయ్యేలోపు చిన్న విరామం ఉంటుంది. దాన్ని హెచ్-బ్లాంక్ అంటారు. ఆ విరామంలో వెనక రంగును మార్చేస్తే కింది గీత కొత్త రంగుతో పడుతుంది. సున్నం కొట్టే మనిషి ఒక వరుస ముగించి బ్రష్ ఎత్తేలోపు పక్కనున్న కుర్రాడు బకెట్ మార్చేసినట్టన్నమాట. కొట్టే మనిషికి సంగతే తెలియదు, గోడ మాత్రం రంగురంగులుగా తయారవుతుంది.

డీఎంఏ అంటే ప్రాసెసర్ చేయి పెట్టకుండా మెమరీలోని డేటాను మోసే ఏర్పాటు. దాన్ని గీత గీతకూ చేసే, ఇక్కడ బకెట్ మార్చే కుర్రాడి పేరు హెచ్‌డీఎంఏ. 1990లో జపాన్‌లో వచ్చిన ఈ మెషీన్‌లో ఇలాంటి ఛానెళ్లు ఎనిమిది ఉన్నాయి. మీరు ఒక పట్టిక రాసి మెమరీలో పెడితే చాలు. ప్రాసెసర్‌కు ప్రత్యేకంగా ప్రోగ్రాం నడిపే పని లేకుండా ఆ పట్టికలోని విలువల్ని ఛానెలే తీసుకెళ్లి గీత గీతకూ చిప్‌ను నడిపే చిన్న గడిలో, అంటే రిజిస్టర్‌లో వేస్తుంది.

ఆకాశానికి మీకు కావలసిన రిజిస్టర్ 2132. దీన్ని ఫిక్స్‌డ్ కలర్ అంటారు. ఇందులో ఒక్క బైట్, అంటే 0 లేదా 1 పట్టే ఎనిమిది బిట్లు, రాస్తాం. కింది అయిదు బిట్లు రంగు గాఢత, అంటే 0 నుంచి 31 వరకు. పై మూడు బిట్లు ఆ గాఢత ఏ రంగుదో చెబుతాయి. ఎరుపుకు 32, ఆకుపచ్చకు 64, నీలానికి 128 కలపాలి. ఎరుపు గాఢత 20 కావాలంటే 52 రాస్తారు. నీలం 14 కావాలంటే 142. మూడు రంగులకూ ఒకే విలువ చాలనుకుంటే 224 కలపండి, బూడిద రంగు వస్తుంది.

పట్టిక రాయడం తేలిక. ‘ఎన్ని గీతలు, ఏ విలువ’ అనే జతలు వరుసగా రాసుకుంటూ పోతారు. చివర సున్నా పెడతారు. ఒక జతలో గీతల సంఖ్య 127 దాటనివ్వకండి. దాటితే రెండు జతలుగా విడగొట్టండి. సున్నా తర్వాత మిగిలిన గీతలకు చివరి రంగే కొనసాగుతుంది. కాబట్టి కింది భాగానికి ఊరికే పట్టిక పెంచక్కర్లేదు.

ఛానెల్ ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఈ ఆట 0, 1, 2 ఛానెళ్లను మామూలు డీఎంఏకి, 7ను తన సొంత విండో ఎఫెక్టులకు (తెరలో కొంత భాగాన్ని కత్తిరించి చూపడానికి) వాడుకుంటుంది. మీరు 3, 4, 5 తీసుకోండి, రంగుకొకటి. ఛానెల్ 3 అయితే 4330లో బదిలీ రకం సున్నా, 4331లో 2132 చివరి రెండంకెలు, 4332 నుంచి మూడు బైట్లలో పట్టిక చిరునామా. మిగతా రెండూ ఇలాగే, 4340, 4350ల నుంచి. ఛానెల్ ఒకటి ఆదా చేయాలంటే బదిలీ రకం 2 పెట్టండి. అప్పుడు ఒకే రిజిస్టర్‌కు ఒక గీతలో రెండు బైట్లు పోతాయి. ఎరుపు, ఆకుపచ్చ ఒక ఛానెల్లో సర్దుకుంటాయి, నీలానికి ఇంకోటి.

ఇంకో సంగతి. మీ బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలో ఆకాశం ఉన్నచోట పారదర్శక రంగు ఉండాలి. అక్కడ నీలం టైల్ నింపి ఉంటే ఎంత గొప్ప పట్టిక రాసినా దాని వెనకే ఉండిపోతుంది. కింద కొండలు, మేఘాలు మాత్రం ఉంచి ఆకాశాన్ని పూర్తిగా ఖాళీ చేయండి.

ప్రశ్న: పట్టికలు సరిగ్గానే రాశాను, 420సి లో ఛానెళ్లు ఆన్ చేశాను. లెవెల్ మొదలవగానే రంగు ఒక్కసారి మెరిసి మాయమవుతోంది. ఎందుకు?
— పాఠకుడు, పీలేరు

ఆటే దాన్ని ఆఫ్ చేస్తోంది. 420సి లో పెట్టాల్సిన విలువకు సూపర్ మారియో వరల్డ్ తన ర్యామ్‌లో ఒక నకలు పెట్టుకుంటుంది, 0డి9ఎఫ్ దగ్గర. ప్రతి ఫ్రేమ్‌కీ ఆ నకలునే తీసి 420సి లో రాస్తుంది. మీరు నేరుగా రాసింది ఆ ఫ్రేమ్ వరకే బతుకుతుంది. కాబట్టి నకలులో రాయండి. 3, 4, 5 ఛానెళ్ల బిట్లు 8, 16, 32. మొత్తం 56. ఉన్న విలువను తుడిచేయకుండా ఆర్ చేసి (పాత బిట్లు ఉంచి కొత్తవి చేర్చే లెక్క) కలపండి, లేకపోతే లెవెల్ ముగిసేటప్పుడు వచ్చే గుండ్రటి విండో పోతుంది.

వేరే ఆటను మారుస్తున్నవాళ్లకూ ఇదే మాట చెబుతాను. నకలు చిరునామా మారుతుంది, పద్ధతి మారదు. కంప్యూటర్లో కన్సోల్‌లా నడుస్తూ, తప్పులు వెతికే డీబగ్గర్ ఉన్న ఎమ్యులేటర్‌లో 420సి మీద, అక్కడ ఎవరైనా రాయగానే ఆటను ఆపే రైట్ బ్రేక్‌పాయింట్ పెట్టండి. ఎవరు రాస్తున్నారో అదే పట్టిస్తుంది.

ప్రశ్న: గ్రేడియెంట్ వచ్చింది సార్, కానీ ఎర్ర తాబేళ్లు, పచ్చ తాబేళ్లు కూడా ఆకాశం రంగు పట్టేశాయి. పసుపు తాబేళ్లు, మారియో మాత్రం బాగున్నారు. ఇదేం పక్షపాతం?
— డిగ్రీ మొదటి సంవత్సరం, నగరి

పక్షపాతం చిప్‌లోనే ఉంది. రంగు కలిపే పని, అంటే కలర్ మ్యాథ్, ఏయే పొరల మీద జరగాలో 2131 రిజిస్టర్ చెబుతుంది. మొదటి నాలుగు బిట్లు నాలుగు బ్యాక్‌గ్రౌండ్ పొరలు, తర్వాతది స్ప్రైట్లు (మారియో, తాబేళ్ల లాంటి కదిలే బొమ్మలు), ఆ తర్వాతది ఏ పొరా లేని వెనక ఖాళీ. స్ప్రైట్ల బిట్ ఆన్ అయినా వాటి ఎనిమిది పాలెట్లలో 4 నుంచి 7 వరకు మాత్రమే కలర్ మ్యాథ్‌లోకి వస్తాయి. 0 నుంచి 3 వరకు ఎప్పుడూ రావు. మారియో 0లో, పసుపు తాబేలు 2లో, ఎర్రది 4లో, పచ్చది 5లో ఉన్నాయి. మీరు చూసింది సరిగ్గా అదే.

మీ కోడ్‌లో 2131కి 63 లాంటి విలువ వెళ్తున్నట్టుంది. ఆకాశానికి కావలసింది వెనక ఖాళీ ఒక్కటే, అంటే 32. ఈ ఆటలో దాని నకలు ర్యామ్‌లో 40 దగ్గర ఉంటుంది, అక్కడ రాయండి. అసలు వెనక రంగు, అంటే పాలెట్ మొట్టమొదటి రంగు, నలుపుగా ఉంచండి. ఇక్కడ జరిగేది కూడిక కదా. అక్కడ ముందే నీలం ఉంటే దాని మీద మీ రంగు చేరి 31 దగ్గర ఆగిపోతుంది, పైభాగమంతా ఒకే తెల్లటి నీలంగా అతుక్కుపోతుంది.

ప్రశ్న: నా ఆకాశంలో అడ్డంగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తోంది. కంప్యూటర్ గ్రేడియెంట్‌లా నున్నగా రావాలంటే ఏం చేయాలి?
— పాఠకురాలు, చిత్తూరు

మంచి ప్రశ్న. పట్టికలు నడవడం ఒక ఎత్తు, ఆకాశం ఆకాశంలా కనిపించడం ఇంకో ఎత్తు.

ముందు లెక్క చూడండి. ఒక్కో రంగుకు 32 మెట్లే ఉన్నాయి. నలుపు నుంచి తెలుపు దాకా తెర మొత్తం పరిస్తే 224ని 32తో భాగించి ఒక్కో మెట్టుకు 7 గీతలు. మూడు రంగులూ ఒకే గీత దగ్గర ఒకేసారి మెట్టు ఎక్కితే ఆ గీత కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మీ పట్టీలు అక్కడివే.

మెట్లను పెంచలేం. కానీ మూడింటినీ వేర్వేరు గీతల దగ్గర ఎక్కించవచ్చు. 7 గీతల మెట్టులో ముందు నీలం మారనివ్వండి, రెండు గీతలు దాటాక ఎరుపు, మరో రెండు దాటాక ఆకుపచ్చ. మధ్యలో ఒకటి రెండు గీతలు కాస్త నీలంగా, కాస్త ఊదాగా ఉంటాయి నిజమే, కానీ కన్ను ఆ చిన్న రంగు తేడాను పట్టించుకోదు. వెలుగులో తేడానే పట్టుకుంటుంది. వెలుగు విషయంలో ఆకుపచ్చదే పెద్ద వాటా, నీలానిది బాగా తక్కువ. అందుకే ఆకుపచ్చ మెట్టు పక్కన ఇంకే మెట్టూ పడకుండా చూసుకోమంటాను. మూడు రంగులకు మూడు వేరే పట్టికలు పెట్టమన్నది ఇందుకే. ఎవరి మెట్టు ఎక్కడో విడిగా జరుపుకోవచ్చు.

ఒక గీతలో ఒక ఫ్రేమ్‌కి ఒక రంగు, తర్వాతి ఫ్రేమ్‌కి ఇంకో రంగు మార్చిమార్చి వేసి మధ్య రంగు ఉన్నట్టు భ్రమ కల్పించే పద్ధతీ ఉంది. నేను దాన్ని వద్దంటాను. పాత గాజు టీవీ మీద కొంత ఫరవాలేదు. ఇప్పుడు మీ ఆటను ఆడేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లో ఆడతారు. అక్కడ అది వణుకుతుంది, తల నొప్పి పుడుతుంది.

గాజు టీవీ అన్నాను కాబట్టి చెబుతున్నాను, వీలైతే ఒక్కసారి దాని మీద కూడా చూడండి. పక్క గీతల వెలుగు ఒకదానిలోకి ఒకటి పాకి చాలా పట్టీలు వాటంతటవే కలిసిపోతాయి. ఎల్‌సీడీ మీద ప్రతి గీతా కత్తితో కోసినట్టు ఉంటుంది. నేను ఎల్‌సీడీ మీద సరిచూసి, టీవీ మీద ఆనందిస్తాను.

ప్రశ్న: పైన ముదురు నీలం, కింద నారింజ ఇచ్చి మధ్య విలువలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. మధ్యలో బురద రంగు వస్తోంది. నిజమైన సాయంత్రంలా ఎందుకు లేదు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పలమనేరు

నిజమైన సాయంత్రం రెండు రంగుల మధ్య సగటు తీసుకోదు కాబట్టి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో మీ పైరంగు 4, 6, 14 అనుకుందాం. కిందిది 31, 23, 10. సరిగ్గా మధ్యలో వచ్చేది సుమారుగా 17, 14, 12. అది గోధుమ రంగు బురదే. ఫ్లెక్స్ బోర్డుల్లో కూడా రోజూ చూస్తుంటాను. నీలం మీద నారింజ లాగేసి మధ్యలో మురికి వచ్చాక, దాని మీద ఒక ఫోటో అతికించి కప్పేస్తారు. కన్సోల్‌లో కప్పడానికి ఏమీ లేదు, ఆకాశమే మీ బొమ్మ.

మా కొర్లగుంట మేడ మీద నుంచి పడమర చూస్తే చంద్రగిరి వైపు పొద్దు దిగుతుంది. సూర్యుడు కనుమరుగయ్యాక కాసేపు అక్కడే నిలబడి చూడండి. అడుగున నారింజ, దాని మీద లేత పసుపు కలిసిన గులాబీ, ఆపైన వెలిసిన ఊదా, అక్కడి నుంచి నీలం, నడినెత్తిన ముదురు నీలం. నారింజకూ నీలానికీ మధ్య బురద ఎక్కడా లేదు. గులాబీ, ఊదా వారధిలా ఉన్నాయి. ఈ మధ్య రంగుల్ని మీ పట్టికలో చేతితో పెట్టాలి. నేను వాడే మెట్లు ఇవి: సున్నా గీత దగ్గర 4, 6, 14. 60 దగ్గర 8, 11, 20. 105 దగ్గర 18, 16, 21. 135 దగ్గర 27, 19, 16. 160 దగ్గర 31, 24, 11. వీటి మధ్యలో మాత్రమే మీ ప్రోగ్రాంను లెక్కగట్టనివ్వండి. 105 నుంచి 135 లోపు ఎరుపు 18 నుంచి 27కి, అంటే 30 గీతల్లో 9 మెట్లు, సుమారు మూడు గీతలకొకటి. నీలం అదే చోట వెనక్కి దిగుతోంది, గమనించండి. ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగడమే సాయంత్రానికి ప్రాణం.

160 దగ్గరే ఎందుకు ఆపానంటే, కింది 64 గీతలు నేల, కొండలు తినేస్తాయి. అందరూ 224 దాకా గ్రేడియెంట్ లాగి అందమైన నారింజనంతా పొదల వెనక దాచేస్తారు. మీ లెవెల్లో కొండ శిఖరం ఏ గీత దగ్గర ఉందో ముందు కొలవండి. అసలు వెలుగు దానికి పైన కనబడాలి.

అందరూ పడమరే చేస్తారు. తూర్పు చేసి చూడమని గట్టిగా చెబుతాను. సూర్యాస్తమయం అయ్యాక రేణిగుంట వైపు తిరిగితే దిగంతం మీద బూడిద నీలం పట్టీ ఒకటి లేస్తుంది. అది భూమి నీడ, గాలి మీద పడిన నీడ. దాని పైన లేత గులాబీ పట్టీ. వానలు పడి దుమ్ము అణిగిన రోజుల్లో, కార్తీకంలో, ఇది స్పష్టంగా కనపడుతుంది. కింద చల్లటి రంగు, పైన వెచ్చటి రంగు, మళ్లీ ఆపైన చల్లన. రెండు రంగుల గ్రేడియెంట్‌కు ఇది ఎప్పటికీ దొరకదు. గులాబీ గాఢతను మాత్రం తక్కువగా ఉంచండి. 20, 15, 18 దాటితే పెళ్లి స్టేజీ లైటింగ్‌లా ఉంటుంది.

కొండల రంగు కూడా ఆకాశంతో పాటే మారాలి. తిరుమల కొండ పైభాగాన క్వార్ట్‌జైట్ రాతి గోడ ఉంది కదా, పక్క ఎండ పడ్డప్పుడు అది ఎర్రబారుతుంది, పొద్దు దిగాక కొద్దిసేపటికే నీలి బూడిదలోకి జారుతుంది. ఆకాశం సాయంత్రమై, కొండలు మిట్టమధ్యాహ్నం పచ్చగా ఉంటే ఆటగాడికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎందుకో చెప్పలేడు. కొండల పాలెట్‌లో ముదురు రంగుల్లోకి ఆకాశపు అడుగు రంగును కొద్దిగా కలపండి.

ప్రశ్న: అన్నా, నా దగ్గర ఉన్నది సెగా మెగా డ్రైవ్ ఆట. మా తమ్ముడికి గేమ్ బాయ్ అడ్వాన్స్ ఆట మార్చాలని ఉంది. వాటిలో కూడా ఇలాగే చేయొచ్చా?
— పదో తరగతి విద్యార్థి, శ్రీకాళహస్తి

చేయొచ్చు తమ్ముడూ, దారి వేరు. మెగా డ్రైవ్‌లో హెచ్‌డీఎంఏ లాంటిది లేదు. గీత చివర ఇంటరప్ట్ (ప్రాసెసర్ పనిని మధ్యలో ఆపే పిలుపు) తెప్పించుకుని ప్రాసెసర్‌తోనే రంగు మార్పించాలి. ప్రతి గీతకీ ఇంటరప్ట్ పెడితే ఆట నెమ్మదిస్తుంది, కొన్ని గీతలకొకసారి పెట్టుకో. అందులో ఒక్కో రంగుకు 8 మెట్లే, మొత్తం 512 రంగులు. అందుకే ఆ మెషీన్ బొమ్మల్లో చుక్క విడిచి చుక్క పెట్టే డిథరింగ్ అంతగా కనిపిస్తుంది. నువ్వూ ఆ రెండూ కలిపి వాడు.

గేమ్ బాయ్ అడ్వాన్స్ నీకు తేలిక. 160 గీతలు, రంగుకు 32 మెట్లు, హెచ్-బ్లాంక్‌కి కదిలే డీఎంఏ కూడా ఉంది. పాలెట్ మొదటి రంగు చిరునామా 05000000. గీతకొక రంగు చొప్పున 160 రంగుల పట్టిక రాసి అక్కడికి పంపించు. మీ తమ్ముడితోనే రంగులు ఎంపిక చేయించు, వాడికీ సరదాగా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రిళ్లు పాత గేము మారుస్తున్నాను అంటాడు. ఆడుతున్నట్టు లేదు, ఏవో అంకెలు రాసుకుంటూ ఉంటాడు. ఇది మంచిదేనా? పోలీసు కేసులు ఏమైనా అవుతాయా? నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, చిత్తూరు

అమ్మా, ఆ అంకెల్లో మీ వాడు నేర్చుకుంటున్నది చిన్న విషయం కాదు. హెక్సా లెక్క, బిట్లను విడదీయడం, మెమరీ చిరునామాలు, ఒక ప్రాసెసర్‌తో దాని సొంత భాషలో మాట్లాడటం. ఇంజినీరింగ్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ఇదే పని చేయిస్తారు. మీ వాడికి అక్కడ తెలిసిన ముఖం కనబడుతుంది. నిద్ర విషయం మాత్రం మీరు గట్టిగానే చెప్పండి. పరీక్షల ముందు నెలలు పక్కన పెట్టమనండి. ఫైలు ఎక్కడికీ పోదు. వీలైనప్పుడు ‘ఏం చేశావో చూపించు నాన్నా’ అని అడగండి. ముందు తెర, మార్చిన తెర రెండూ చూపించమనండి. తేడా మీకు కూడా కనబడుతుంది.

చట్టం సంగతి సూటిగా చెబుతాను. ఆట కాపీరైట్ కంపెనీది. పూర్తి ఆట ఫైలును ఎవరికీ పంపకూడదు, ఎక్కడా పెట్టకూడదు. మార్పులు చేసేవాళ్లు తాము మార్చిన బైట్లను మాత్రం ప్యాచ్ ఫైలుగా పంచుకుంటారు. ఐపీఎస్, బీపీఎస్ అనే రకాలు ఉన్నాయి. అసలు ఆట ఎవరి కాపీ వాళ్ల దగ్గర ఉండాలి. డబ్బు తీసుకుని అమ్మే పనిలోకి మాత్రం అస్సలు పోవద్దని నా మాటగా చెప్పండి.

ప్రశ్న: లెవెల్ ఆడుతుండగానే సాయంత్రం రాత్రి కావాలి. ఆకాశం మెల్లగా చీకటి పడాలి. పట్టిక ఆట ఫైల్లోనే ఉండిపోతే అది మారదు కదా. ఎలా?
— పాఠకుడు, మదనపల్లె

పట్టికను ర్యామ్‌లోకి తెచ్చుకోవాలి. లెవెల్ మొదలయ్యేటప్పుడు మూడు పట్టికలనూ 7ఎఫ్ బ్యాంక్‌లో ఖాళీ చోటికి నకలు తీసి, ఛానెళ్లకు ఆ చిరునామా ఇవ్వండి. తర్వాత ర్యామ్‌లో విలువలు మార్చుకుంటూ పోవచ్చు.

తెర గీస్తుండగా ఛానెల్ చదువుతున్న పట్టికనే మార్చారనుకోండి, ఆ ఫ్రేమ్‌లో పైసగం పాత ఆకాశం, కిందిసగం కొత్త ఆకాశం వస్తాయి. ఒక్క మెట్టు తేడా అయితే ఎవరికీ కనపడదు. ఎక్కువ మార్చితే తెలిసిపోతుంది. అందుకని రెండు జతల పట్టికలు పెట్టుకోండి. ఒకటి తెర మీద ఉండగా రెండోది తయారుచేయండి. ఆపైన 4332లో చిరునామా మార్చండి. ఛానెల్ ఆ చిరునామాను ప్రతి ఫ్రేమ్ మొదట్లో ఒక్కసారే తీసుకుంటుంది కాబట్టి మార్పు తర్వాతి ఫ్రేమ్ నుంచి శుభ్రంగా మొదలవుతుంది. చిరునామా రెండు బైట్లూ ఒకే రాతలో, 16 బిట్ల మోడ్‌లో రాయండి.

ఎంత నెమ్మదిగా అన్నది లెక్కే. రెండు నిమిషాల్లో చీకటి పడాలనుకుంటే సుమారు 7200 ఫ్రేమ్‌లు. అడుగున ఎరుపు 31 నుంచి 6కి దిగాలి, 25 మెట్లు. అంటే 288 ఫ్రేమ్‌లకు ఒక మెట్టు. మెట్టు పడ్డప్పుడల్లా ఆకాశం మొత్తం ఒక్కసారి తగ్గితే కన్ను పట్టేస్తుంది. కాబట్టి అన్ని జతలనూ ఒకే ఫ్రేమ్‌లో మార్చకండి. పైనుంచి మొదలుపెట్టి, కొన్ని ఫ్రేమ్‌లకు ఒక జత చొప్పున కిందికి రండి. చీకటి నడినెత్తి నుంచి దిగాలి, పడమర అంచున వెలుగు చివరిదాకా నిలవాలి.

విలువల్ని 16 బిట్లలో దాచుకోండి. పై బైట్ రంగు, కింది బైట్ భిన్నం. ప్రతిసారీ భిన్నంలో కొంచెం తీసేస్తూ, పై బైట్ మాత్రం పట్టికలోకి పంపండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి తీసే మొత్తం వేర్వేరుగా ఉంచితే ‘బల్బు తగ్గించినట్టు’ ఆకాశమంతా ఒకేలా తగ్గే చీకటి రాదు. ముందు ఎరుపు వేగంగా దిగాలి, తర్వాత ఆకుపచ్చ, నీలం చివర. నీలాన్ని 5 దగ్గర ఆపేయండి, సున్నా దాకా పోనివ్వకండి. నల్లటి ఆకాశం ముందు నల్లటి కొండలు కనబడవు, మారియో ఎక్కడ దూకాలో తెలియక గోతిలో పడతాడు.